దొరకి పొట్ట ఉబ్బింది

చేపకి పొట్ట ఉబ్బిందని నాకు వాట్సాప్‌లో ఫొటోలు పంపేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. అందరూ ట్యాంకు అద్దం దగ్గర నిలబడి పక్కనుంచే తీస్తారు. పక్కనుంచి చూస్తే మితిమీరి తిన్న చేప, గుడ్లున్న చేప, కిడ్నీలు పోయిన చేప మూడూ ఒకేలా కనిపిస్తాయి. నేను అడిగేది పైనుంచి తీసిన ఫొటో. దాంతోపాటు మలద్వారం దగ్గరనుంచి ఒకటి, కింద పడిన రెట్ట ఉంటే అది ఒకటి. అవి పంపకుండా "ఏ మందు వెయ్యమంటారు?" అని అడిగితే నేనేం చెప్పను?

నేను డాక్టర్ని కాను. శ్రీకాకుళంలో పాలకొండ రోడ్డు మీద చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. కింద స్టూడియో, పైన ఇల్లు. కింద ముందుగదిలో అయిదడుగుల ట్యాంకు, అందులో ఒక్కగానొక్క ఆస్కార్ చేప. పేరు దొర. పాస్‌పోర్ట్ ఫొటోకి వచ్చిన చంటిపిల్లలు ఏడుపు మానేది దొరని చూసే. అందుకని దాన్ని స్టూడియో సిబ్బందిలో ఒకడిగానే లెక్కేస్తాం.

ఆస్కార్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. దీని ఊరు దక్షిణ అమెరికా, అమెజాన్ నది పరివాహక ప్రాంతం. షాపులో రెండంగుళాల పిల్లని చూపించి అమ్ముతారు, అది అడుగు దాటి పెరుగుతుందని మాత్రం చెప్పరు. బాగా చూసుకుంటే పదేళ్ళ పైనే బతుకుతుంది. మనుషుల్ని గుర్తుపడుతుంది. ఎవరు దగ్గరకొచ్చినా నిన్నటినుంచి తిండి లేనట్టు అద్దం దగ్గరకొచ్చి ఒళ్ళంతా ఊపుతుంది. దాని కొంప ముంచేదీ ఆ అలవాటే.

మాఘమాసం వస్తే నేను ఇంట్లో ఉండను. పెళ్ళిళ్ళు. అదే మాసంలో రథసప్తమి. అరసవల్లి మా ఇంటికి దగ్గర, కాబట్టి విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం చుట్టాలందరికీ ముందురోజు మకాం మా ఇల్లే. అర్ధరాత్రి నుంచి క్యూలో నిలబడాలి కదా. ఆ రెండు రోజులూ పిల్లలకి కాలక్షేపం దొర. ఒకడు చేపల మేత గుళికలు వేశాడు, ఒకడు బూందీ వేశాడు, ఇంకో గుంట బిస్కెట్టు వేసింది. దొర ఎవరినీ కాదనలేదు. నేను పలాసలో పెళ్ళి ముగించుకుని వచ్చేసరికి నిండుగా ఉన్న గుళికల డబ్బా సగానికి దిగింది.

చుట్టాలు వెళ్ళిపోయాక మా అత్తగారే ముందు కనిపెట్టారు.

"ఏటి బావూ, దొరకి కడుపొచ్చినట్టుంది?"

వెళ్ళి చూస్తే నిజమే. పొట్ట బరువుగా కిందికి దిగింది. ఫిల్టర్ పైపు వెనక మూలకి తల పెట్టి నిలబడి ఉంది. నేను దగ్గరకెళ్ళినా ఒళ్ళు ఊపలేదు. ఒక గుళిక వేస్తే నోట్లోకి తీసుకుని ఉమ్మేసింది. ఆస్కార్ ఉమ్మడం కొత్త కాదు, నలిపి ఉమ్మి మళ్ళీ తినడం దాని పద్ధతి. ఉమ్మిన దాన్ని వదిలేసి వెళ్ళిపోవడమే కొత్త.

ఇక్కడ నా వృత్తి కొంచెం పనికొచ్చింది. పైనుంచి చూడాలంటే నీటి అలలు అడ్డం. ఎయిర్ పంపు ఒక్క నిమిషం ఆపి, అడుగు చదునుగా ఉన్న పారదర్శకమైన కేక్ డబ్బాని నీటి మీద తేలనిస్తే దాని కింద అల ఉండదు, చేప స్పష్టంగా కనిపిస్తుంది. లెన్సుకి పోలరైజర్ పెడితే మెరుపు కూడా పోతుంది. పోలరైజర్ లేనివాళ్ళు గదిలో లైట్లన్నీ ఆర్పి ట్యాంకు లైటు ఒక్కటే ఉంచండి. ఫ్లాష్ వాడొద్దు, బెదిరి అద్దానికి గుద్దుకుంటుంది. రోజూ అదే ఎత్తునుంచి, అదే లెన్సుతో తీస్తే ఉబ్బు పెరుగుతోందా తగ్గుతోందా అన్నది పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు. కంటి గుర్తుని నమ్మకండి. ప్రేమ ఉన్నచోట కన్ను అబద్ధం చెబుతుంది, పొద్దున్న తగ్గినట్టు, సాయంత్రం పెరిగినట్టు అనిపిస్తుంది.

పైనుంచి నేను చూసేది మొదట పొలుసులు. ఒంటికి అతుక్కుని నున్నగా ఉన్నాయా, సీతాఫలం తొక్కలా లేచి నిలబడ్డాయా? లేచాయంటే అది తిండి సమస్య కాదు, లోపల నీరు పట్టింది. దాని సంగతి తర్వాత చెబుతాను. రెండోది, ఉబ్బు రెండు పక్కలా సమానంగా ఉందా, ఒక పక్కనే గడ్డలా పొడుచుకొచ్చిందా? ఒక పక్కే అయితే కంతి అయినా కావచ్చు, మింగిన గులకరాయి అయినా కావచ్చు. ఆస్కార్లు ఇసుకా రాళ్ళూ నోట్లో పెట్టుకుని తవ్వుతాయి. అందుకే మా ట్యాంకు అడుగున రాళ్ళు లేవు, ఉట్టి అద్దమే. అందంగా లేదని వచ్చినవాళ్ళంతా అంటారు, అననీ. మూడోది, కళ్ళు బయటికి పొడుచుకొచ్చాయా అన్నది. ఇవయ్యాక వంగుని అడుగునుంచి మలద్వారం చూస్తాను. ఎర్రగా వాచి ఉందా, ఏమైనా వేలాడుతోందా? ఆడ ఆస్కార్ గుడ్లు పెట్టబోయే ముందు అక్కడ మొద్దుగా ఒక గొట్టం బయటికి కనిపిస్తుంది. ఆడో మగో పైకి చూసి చెప్పడానికి ఆస్కార్‌లో అంతకు మించి గుర్తు లేదు. దొర దొరో దొరసానో మాకు ఇప్పటికీ తెలియదు.

దొరకి పొలుసులు నున్నగానే ఉన్నాయి. ఉబ్బు రెండు పక్కలా సమానం. కళ్ళు బాగానే ఉన్నాయి. గొట్టం లేదు. మలద్వారం కొంచెం వాచింది. కన్ను పైన, తల మీద మాత్రం సూది గుచ్చినంత గుంటలు రెండు మూడు కనిపించాయి. ఫొటోని పెద్దది చేస్తే గానీ తెలియనంత చిన్నవి. వాటి సంగతి అప్పటికి పక్కన పెట్టాను.

చేపని చూశాక నీళ్ళు చూడాలి. చాలామంది నీళ్ళు వదిలేసి మందుల షాపుకి పరుగెడతారు. గార వైపు రొయ్యల చెరువులకి నీళ్ళు పరీక్షించే కుర్రాడు ఒకడు స్టూడియోకి వస్తుంటాడు, వాడి పెళ్ళి ఆల్బం నాదే. వాడి దగ్గర కిట్లన్నీ ఉంటాయి. అమ్మోనియా లీటరుకి 0.5 మిల్లీగ్రాములు, పీహెచ్ 8 దాకా వచ్చింది. ట్యాంకులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. పీహెచ్ ఎక్కువున్న నీటిలో అదే అమ్మోనియా మరింత విషమవుతుంది, వేడి పెరిగినా అంతే. మా బోరు నీరు మొదటినుంచీ పీహెచ్ ఎక్కువున్న రకమే.

"అన్నా, చెరువైతే ఈపాటికి రైతు నా ప్రాణం తీసేసేవోడు" అన్నాడు వాడు.

చుట్టాల పిల్లలు వేసిన తిండి దొర కడుపులోకి కొంత, ఫిల్టర్ కిందికి కొంత వెళ్ళి కుళ్ళింది. రోజుకి మూడో వంతు చొప్పున నీళ్ళు మార్చడం మొదలుపెట్టాను. మున్సిపల్ కుళాయి నీళ్ళు పోసేవాళ్ళు ముందు క్లోరిన్ విరిచే మందు కలపాలి. మాది బోరు కాబట్టి ఆ బెడద లేదు, వేడి సరిచూసుకుంటే చాలు.

వేడి అంటే గుర్తొచ్చింది. మాఘంలో పగలు ఎండ కాసినా రాత్రి ట్యాంకు నీరు 22, 23 డిగ్రీలకి దిగిపోతుంది. చేప ఒళ్ళు నీటి వేడినే అనుసరిస్తుంది, నీరు చల్లబడితే అరుగుదలా నెమ్మదిస్తుంది. అంత తిండి తిని, అంత చల్లటి నీటిలో ఉంటే లోపలిది లోపలే ఉండిపోతుంది. హీటర్ పెట్టి నెమ్మదిగా 28కి తెచ్చాను. ఒకేసారి పెంచొద్దు. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది కాబట్టి గాలి బుడగలు వదిలే రాయి ఇంకొకటి అదనంగా వేశాను.

తిండి పూర్తిగా బంద్. ఇంట్లో దీనికే ఎక్కువ గొడవయింది. "పాపం, నీరసపడిపోయింది, ఒక్క రొయ్య ముక్కేనా ఎయ్యండి" అని మా ఆవిడ. ఎదిగిన ఆస్కార్‌కి నాలుగైదు రోజులు తిండి లేకపోతే ఏమీ కాదు. పొట్ట ఉబ్బిన మనిషికి మనం పెళ్ళి భోజనం పెట్టం కదా అంటే అప్పటికి ఊరుకుంది.

పచ్చి బఠాణీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఉడికించి తొక్క తీసిన బఠాణీ పెడితే మలబద్ధకం పోతుందని అందరూ చెబుతారు. గోల్డ్‌ఫిష్‌కి అది బాగానే పనిచేస్తుంది. ఆస్కార్ ప్రధానంగా మాంసం తినేది, బఠాణీని ముఖం మీదే ఉమ్మేస్తుంది. దానికి పీచు కావాలంటే పెంకు తీయని చిన్న రొయ్యలు మేలు. అది కూడా పొట్ట తగ్గాకే.

మందుల్లో మొదటిది ఎప్సమ్ సాల్ట్. అంటే మెగ్నీషియం సల్ఫేట్. మనుషులకి విరేచనాలకి ఇచ్చేదే. చేప పేగులో చిక్కుకున్నది కదలడానికీ పనికొస్తుంది, ఒంట్లో అదనంగా చేరిన నీటిని కొంత బయటికి లాగుతుందంటారు. మందుల షాపులో దొరుకుతుంది. ఎరువుల కొట్లోనూ దొరుకుతుంది, కొబ్బరాకు పసుపెక్కితే ఉద్దానం రైతులు చెట్టు మొదట్లో వేసేది అదే. ఎరువు రకంలో ఏమేం కలిసి ఉంటాయో తెలియదు కాబట్టి నేను మందుల షాపుదే తెచ్చాను. వంటింటి రాళ్ళ ఉప్పు దీనికి బదులు కాదు. రెండూ ఉప్పే కదా అని అరకిలో గల్లుప్పు కుమ్మరించినవాళ్ళని చూశాను.

కొలత కావాలంటే ముందు ట్యాంకులో నీళ్ళు ఎన్ని లీటర్లో తెలియాలి. పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో కొలిచి గుణించి, వచ్చినదాన్ని 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి. మాది 60, 18, 24 అంగుళాలు. అంటే 425 లీటర్లు. పైన వదిలిన ఖాళీ తీసేస్తే 380 ఉంటాయి. ఎప్సమ్ సాల్ట్ సుమారు 40 లీటర్లకి ఒక పెద్ద చెంచా. అంటే మాకు తొమ్మిదిన్నర. బకెట్ నీటిలో కరిగించి కొంచెం కొంచెంగా పోశాను. తర్వాత నీళ్ళు మార్చినప్పుడల్లా తీసిన నీటికి సరిపడా మాత్రమే మళ్ళీ కలపాలి. మొత్తం లెక్క మళ్ళీ వేస్తే రెట్టింపవుతుంది.

ఈలోగా చేపలు అమ్మే ఒకాయనకి ఫొటో చూపిస్తే నీలి మందు సీసా, పచ్చ మందు సీసా, ఏదో యాంటీబయాటిక్ పొడి, ఒక ప్యాకెట్ ఉప్పు కవర్లో పెట్టి చేతికిచ్చాడు. నాలుగూ ఒకేసారి వెయ్యమన్నాడు. చేపకి ఏమైందని మాత్రం అడగలేదు. ఆ నీలి మందు, మిథిలీన్ బ్లూ, ఫంగస్‌కీ గుడ్లు పాడవకుండానూ వాడతారు. పొట్ట లోపలిదాన్ని అది ఏమీ చెయ్యదు. పైగా ఫిల్టర్‌లో అమ్మోనియాని తినే మంచి బ్యాక్టీరియాని దెబ్బతీస్తుంది. అప్పటికే అమ్మోనియా ఉన్న ట్యాంకులో అది వేస్తే ఇక చెప్పేదేముంది? నాలుగు మందులు కలిపి వేసి చేప బతికితే ఏది బతికించిందో తెలియదు, చస్తే ఏది చంపిందో తెలియదు. కవరు అక్కడే వదిలేసి వచ్చాను. ఆయనకి కోపం వచ్చింది.

ఎప్సమ్ సాల్ట్ వేశాక దొర పేగు కదిలింది. మొదట గోధుమ రంగు ముద్దలు పడ్డాయి, అవి రథసప్తమి లెక్క. పొట్ట కొంత దిగింది. మా ఇంట్లో అందరూ అయిపోయిందనుకున్నారు. తర్వాత మలద్వారం నుంచి తెల్లగా, జిగటగా, పొడుగ్గా ఒక దారం వేలాడటం మొదలైంది.

తెల్ల దారానికి రెండు అర్థాలుంటాయి. ఉపవాసంలో ఉన్న చేప పేగులో తిండి లేకపోతే ఉట్టి జిగురే బయటికొస్తుంది, అదీ తెల్లగానే ఉంటుంది. అది రోగం కాదు. రెండోది, పేగులో స్పైరోన్యూక్లియస్ అనే సూక్ష్మజీవి పెరిగిపోయి లోపలి పొర దెబ్బతిన్నప్పుడు. పాత పుస్తకాల్లోనూ షాపుల్లోనూ దీన్ని హెక్సామిటా అంటారు. ఆస్కార్, డిస్కస్ లాంటి సిక్లిడ్ కుటుంబం చేపల పేగుల్లో ఇది కొద్దిగా ఉంటూనే ఉంటుంది. నీళ్ళు పాడైనప్పుడు, చేప ఇబ్బందిలో ఉన్నప్పుడు విజృంభిస్తుంది. అప్పుడు నాకు తల మీది గుంటలు గుర్తొచ్చాయి. తలకి చిల్లులు పడే జబ్బుకీ ఈ జీవికీ సంబంధం ఉందంటారు. అదొక్కటే కారణమని ఎవరూ తేల్చలేదు గానీ, రెండూ ఒకే చేపలో కనిపిస్తే అనుమానం బలపడుతుంది.

అనుమానంతో మందు వెయ్యబుద్ధి కాలేదు. మా వీధి చివర రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్ నాతో చదువుకున్నవాడు. ఫోన్ చేశాను.

"ఒరేయ్, నీ దగ్గరికి ఒక స్టూల్ శాంపిల్ తెస్తాను. ఆలస్యం కాకూడదు."

"ఎవరిదిరా?"

"దొరది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మనుషులవి చాలవని చేపలవి కూడా మొదలెట్టావేటి?" అని, తర్వాత "మధ్యాన్నం రా, డాక్టరుగారు భోజనానికెళ్తారు" అన్నాడు.

ఈ పరీక్షలో కిటుకంతా తాజాదనంలో ఉంది. ఆ జీవులు బతికుండి కదులుతుంటేనే గుర్తుపట్టగలం, చచ్చాక చుక్కల్లో చుక్కలు. అడుగున పడి గంటలైన రెట్ట పనికిరాదు. సూది లేని సిరంజితో వేలాడుతున్న దారాన్నే ట్యాంకు నీటితో సహా లాగి, ఆ సిరంజి గుప్పిట్లో పట్టుకుని పరుగెత్తాను. వాడు ఒక చుక్క స్లైడ్ మీద వేసి, పైన కవర్‌స్లిప్ పెట్టి, ముందు తక్కువ పవర్‌లో, తర్వాత 400 రెట్లలో చూశాడు. వాళ్ళు మామూలుగా కలిపే సెలైన్ కలపొద్దని చెప్పాను, ట్యాంకు నీరే చాలు.

"ఓలమ్మో" అన్నాడు.

నేను వంగి చూశాను. చిన్న చిన్న బొట్లు, ఒక కొన సన్నగా, ఏదో తరుముతున్నట్టు అటూ ఇటూ దూసుకుపోతున్నాయి. ఒకటీ రెండూ కాదు, ఎటు జరిపితే అటు అవే. అక్కడక్కడా ఒకటి కనిపిస్తే పట్టించుకోనక్కర్లేదు. ఇది ఆ లెక్క కాదు. పురుగుల గుడ్లేమైనా ఉన్నాయేమోనని వాడు స్లైడంతా వెతికాడు, అవి కనిపించలేదు. ఆ జీవుల్ని ఐపీస్‌కి ఫోన్ ఆనించి వీడియో తీశాను. నా వృత్తిలో తీసిన వీడియోల్లో మా ఆవిడ పూర్తిగా చూడనిది అదొక్కటే.

మా చుట్టాల్లో గరివిడి పశువైద్య కళాశాలలో చదివిన కుర్రాడు ఉన్నాడు. వీడియో పంపి మాట్లాడాను. దీనికి మందు మెట్రోనిడజోల్. మనకి అమీబియాసిస్‌కి ఇచ్చే మాత్రే. చేప ఇంకా ఏదో ఒకటి తింటుంటే తిండిలో ఇవ్వడమే మంచిదన్నాడు, రోగం ఉన్నది పేగులో కాబట్టి మందు నేరుగా అక్కడికే చేరుతుంది. కిలో బరువుకి రోజుకి 50 మిల్లీగ్రాములు, వరసగా 5 రోజులు.

దీనికి చేప బరువు కావాలి. పక్క కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా తెచ్చి, మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బులో ట్యాంకు నీళ్ళు పోసి, బరువు చూసి సున్నా చేసి, దొరని లోపలికి మార్చాం. వలతో పట్టొద్దు, రెక్కల ముళ్ళు వలలో చిక్కుకుంటాయి. టబ్బునే ట్యాంకులో ముంచి దాన్ని అందులోకి తోలాలి. బయటికి తీసేటప్పుడు నా చొక్కా, కెమెరా బ్యాగు, గోడమీది సత్యనారాయణస్వామి క్యాలెండరు తడిసిపోయాయి. 600 గ్రాములు. అంటే రోజుకి 30 మిల్లీగ్రాముల మందు.

400 మిల్లీగ్రాముల మాత్రని 13 ముక్కలు చెయ్యడం ఎవరి వల్లా కాదు. ఉపాయం ఏమిటంటే మందునే తిండిలో సమానంగా కలిపేయాలి. అన్నీ కలిపిన రొయ్య ముద్ద 40 గ్రాములు ఉండి, అందులో ఒక 400 మాత్ర పొడి కలిస్తే ఒక్కో గ్రాములో 10 మిల్లీగ్రాములు ఉంటుంది. 3 గ్రాముల ముక్క ఒకటి పెడితే 30 అందుతుంది. రొయ్యల్ని మెత్తగా రుబ్బి, మాత్ర పొడి బాగా కలిపి, కొద్దిగా వెల్లుల్లి రసం పోశాను. మాత్ర పచ్చి చేదు, వాసనకైనా నోట్లో ఉంచుకుంటుందని. ముక్కలు నీటిలో విడిపోకుండా చైనా గ్రాస్ (జెల్లీలా గడ్డకట్టించే అగర్) కొద్దిపాటి నీటిలో మరిగించి, గోరువెచ్చన అయ్యాక కలిపి, పళ్ళెంలో పరిచి ఫ్రీజర్లో పెట్టాను. ముక్కలు తూచడానికి ఎదురుగా బంగారు కొట్టు కాటా. ఆయన చేపల వాసన వస్తుందని మొదట ఒప్పుకోలేదు, వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షన్ ఆల్బం నా దగ్గరే ఉందని గుర్తుచెయ్యాల్సి వచ్చింది.

దొర మొదటి ముక్కని ఉమ్మింది. రెండోసారి తీసుకుని నలిపి ఉమ్మింది. ట్యాంకు దగ్గర ఎవరూ నిలబడకుండా అందరినీ పైకి పంపించి, లైటు ఆర్పేసి వదిలేస్తే తినేసింది. ఆకలి ఉన్నప్పుడు, జనం లేనప్పుడు పెట్టాలి.

అసలు తినని చేపకైతే మందు నీళ్ళలో కలపడం తప్పదు. దానికి 38 లీటర్లకి 250 మిల్లీగ్రాముల లెక్క, రోజూ, 5 రోజులు. మా ట్యాంకుకైతే రోజుకి 400 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు దాటతాయి. ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే ముందు తీసేయాలి, లేకపోతే మందంతా అదే పీల్చేస్తుంది. ప్రతి మోతాదుకి ముందు కొంత నీరు మార్చాలి. మాత్ర నీటిలో సులువుగా కరగదు, మెత్తగా నూరి గోరువెచ్చటి నీటిలో చాలాసేపు కలపాలి.

ఇంకోమాట, మన జిల్లాలో చెప్పకపోతే తప్పవుతుంది. మెట్రోనిడజోల్‌ని మనం తినే చేపలకీ రొయ్యలకీ వాడటం మన దేశంలో నిషేధం. అందుకే ఆ గార కుర్రాడిని అడిగితే "మా దగ్గర ఉండదన్నా, ఉండకూడదు కూడా" అన్నాడు. అద్దాల ట్యాంకులో పెంచుకునే చేప వరకే ఇది. మందు కలిసిన నీటిని చెరువులోకో కాలవలోకో వదలకండి.

దొర పొట్ట ఒక్కరోజులో తగ్గలేదు. పైనుంచి తీసిన ఫొటోల్ని కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, పక్కల ఉబ్బు గీత కొంచెం కొంచెంగా లోపలికి రావడం కనిపించింది. రెట్ట రంగు ముందు మారింది, ఆకలి తర్వాత వచ్చింది, ఆకారం అన్నిటికన్నా ఆఖర్న. మందు అయ్యాక మళ్ళీ ల్యాబ్‌కి శాంపిల్ పట్టుకెళ్తే మావాడు చాలాసేపు వెతికి, "ఖాళీరా" అన్నాడు. కొంచెం నిరాశగానే అన్నాడనిపించింది. తల మీది గుంటలు మాత్రం పూడటానికి చాలా కాలం పట్టింది. నీళ్ళు శుభ్రంగా ఉంచితేనే అవి పూడతాయి, మందు ఒక్కటే చాలదు.

పొలుసులు లేచిన సంగతి చెబుతానన్నాను కదా. ఆమదాలవలసలో నా స్నేహితుడి ఫ్లవర్‌హార్న్ చేపకి అదే అయింది. నాకు ఫొటో పంపేసరికే పైనుంచి చూస్తే ఒళ్ళంతా పొలుసులు విచ్చుకుని ఉన్నాయి, కళ్ళు పొడుచుకొచ్చాయి. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు చుట్టూ ఉన్న నీటికంటే ఎక్కువ. అందుకని మొప్పల గుండా నీరు నిత్యం లోపలికి వస్తూనే ఉంటుంది. వచ్చినదాన్ని వచ్చినట్టు కిడ్నీలు తోడి పోస్తుండాలి. బ్యాక్టీరియా వల్లో మరోదానివల్లో కిడ్నీ దెబ్బతింటే ఆ తోడటం ఆగుతుంది, నీరు పొట్టలో, పొలుసుల కింద చేరుతుంది. నీరు పట్టడం జబ్బు కాదు, జబ్బు చివరికొచ్చిందనడానికి గుర్తు. ఉపవాసం, ఎప్సమ్ సాల్ట్, వైద్యుడు చెప్పిన యాంటీబయాటిక్ అన్నీ చేశాడు. దక్కలేదు. పోయాక కోసి చూస్తే పొట్టనిండా పసుపు రంగు నీరే. పొలుసులు లేవకముందే, తిండి మానిన మొదటిరోజే చూసి ఉంటే దక్కేదా అని అడిగాడు. కొన్ని దక్కుతాయి. ఆ మాటే చెప్పాను.

ఇప్పుడు దొరకి పొద్దున్న ఒక్కపూటే తిండి. మునిగే గుళికలు కొన్ని, వారంలో రెండుసార్లు పెంకుతో ఉన్న చిన్న రొయ్యలు, వానాకాలంలో దొరికితే మందులు కొట్టని పెరటి మట్టిలోని ఎర్రలు. చికెన్, మటన్ కొవ్వు ముక్కలు వద్దు, ఆ కొవ్వు చేప పేగులో సరిగా అరగదు. బతికున్న చిన్న చేపల్ని వదలడం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు, వాటితోపాటు వాటి రోగాలూ వస్తాయి. శనివారం ఏమీ పెట్టం. మా అత్తగారికీ ఆ రోజు ఉపవాసమే. దొరకి మాత్రం ఆవిడలా పళ్ళూ పాలూ ఉండవు.

ట్యాంకు పక్కన ఒక పలక వేలాడదీశాను, ఎవరు వేసినా టైము రాయాలని. వచ్చే రథసప్తమికి గుళికల డబ్బా మాత్రం బీరువాలో పెట్టి తాళం వేస్తాను.